ఏళ్లు వేసేటప్పుడు ఆ లెక్క ఎక్కడిదో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

జిల్లా పేజీల్లో తరచూ కనబడే ఒక రకం వార్త గురించి ఈ ఉత్తరం. ఏదో గుట్ట మీద రాతి గొడ్డలో, బండ మీద ఎద్దు బొమ్మో, చేల మధ్య బూడిద దిబ్బో బయటపడుతుంది, ఫోటో వేస్తారు, కింద "నాలుగు వేల ఏళ్ల నాటిది" అనో "ఆరు వేల ఏళ్ల నాటిది" అనో రాస్తారు. ఇంకో పత్రిక చూస్తే అదే గుట్టకు వయసు మారిపోయి ఉంటుంది. వార్త వేస్తున్నందుకు సంతోషమే, వెయ్యకపోతే ఆ గుట్ట సంగతి పక్క ఊరికి కూడా తెలియదు. కానీ ఆ ఏళ్లు ఎలా తేలాయో ఒక్క ముక్క ఉండదు. దేన్ని పరీక్షించారు, ఏ పొరలోంచి తీశారు, అసలు పరీక్ష చేశారా లేక వేరే చోట దొరికినదానితో పోల్చి చెప్పారా, ఏదీ ఉండదు.

ఇదేం పెద్ద విషయం అనుకునేవాళ్లకు బ్రహ్మగిరి సంగతి చెప్పాలి. చిత్రదుర్గ జిల్లా మొళకాల్మూరు దగ్గరి రాతి కొండ అది, మన రాయదుర్గం నుంచి ఎంతో దూరం కాదు, అశోకుడి శాసనం ఉన్న చోటు. 1947లో అప్పటి కేంద్ర పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్ మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వించారు. పై పొరల్లో ఒక రకం నునుపు పళ్లేల పెంకులు దొరికాయి. సరిగ్గా అలాంటివే అంతకు రెండేళ్ల ముందు పుదుచ్చేరి పక్కన అరికమేడులో రోమన్ కుండపెంకులతో కలిసి దొరికి ఉన్నాయి. రోమన్ సరుకు కాలం ముందే తెలుసు కాబట్టి బ్రహ్మగిరి పై పొర క్రీ.శ. 1వ శతాబ్దానిది అన్నారు. అక్కణ్నుంచి కిందికి దిగుతూ, రాకాసి గుళ్లు (పెద్ద బండలతో కట్టిన సమాధులు) కట్టిన ఇనుప యుగం జనానికి క్రీ.పూ. 200 ప్రాంతం, వాళ్లకంటే కిందున్న రాతి గొడ్డళ్ల జనానికి క్రీ.పూ. మొదటి సహస్రాబ్ది మొదలు అని అంచనా కట్టారు.

వీలర్ పొరలు చదవడంలో ఆరితేరినవారు. ఏది ముందు, ఏది తర్వాత అని ఆయన చెప్పిన వరుస ఇప్పటికీ నిలబడే ఉంది. తేడా వచ్చింది ఏళ్ల దగ్గరే, అదీ పదో పరకో కాదు, వెయ్యేళ్లు దాటి. ఆయన చేతిలో ఉన్నది పోలిక ఒక్కటే. పాత బొగ్గులో, గింజలో, ఎముకలో తరిగిపోగా మిగిలిన ఒక రకం కార్బన్‌ను కొలిచి వయసు చెప్పే రేడియో కార్బన్ పద్ధతిని అమెరికాలో విల్లార్డ్ లిబ్బీ బృందం లోకానికి చెప్పింది 1949లో, అంటే ఈ తవ్వకం అయిపోయిన తర్వాత.

ఆ లెక్కను కదిలించిన వాటిలో ఒకటి మన పాలమూరు మట్టిలోంచి వచ్చిన బొగ్గు. ఊరి పేరు ఉట్నూరు. ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, మక్తల్ వైపు, కృష్ణకు ఉత్తరాన ఉన్నది. అక్కడి బూడిద దిబ్బను 1957లో బ్రిటిష్ పురావస్తు పరిశోధకుడు రేమండ్ ఆల్చిన్ తవ్వారు. ఈ దిబ్బల గురించి అంతకు ముందు నూరేళ్లకు పైగా వాదులాట నడిచింది. బళ్లారి దగ్గర కుప్పగల్లు దిబ్బను భీముడు చంపిన హిడింబాసురుణ్ని కాల్చిన బూడిద అని జనం చెప్పుకునేవాళ్లు, ఇంగ్లీషు దొరల్లో కొందరు పాత కొలిమి అన్నారు, రాబర్ట్ సెవెల్ అయితే విజయనగర కాలంలో మనుషుల్ని తగలబెట్టిన చోటన్నారు. అది పశువుల పేడ కాలిన బూడిద అని భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ సరిగ్గానే పట్టుకున్నారు గానీ చాలామంది నమ్మలేదు. ఎందుకు నమ్మలేదో ఆ ముక్కను చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది. బూడిద అంటే మెత్తగా రాలిపోవాలి, ఇది గట్టిగా, బుడగలు బుడగలుగా, కొన్నిచోట్ల గాజులా మెరుస్తూ అచ్చం ఇనుప చిట్టెంలా ఉంటుంది, కానీ ఎత్తి చూస్తే తేలిక. గడ్డిలో ఉండే సిలికా పేడలోకి వస్తుంది, కుప్పలుగా పోసిన పేడ బాగా వేడెక్కి మండినప్పుడు అది కరిగి ఇలా గడ్డకడుతుంది. 1950ల చివర్లో జాయినర్ అనే శాస్త్రవేత్త ల్యాబ్‌లో పరీక్షించి పేడేనని తేల్చాక వాదన దాదాపు ముగిసింది.

ఉట్నూరులో ఆల్చిన్‌కు కనబడింది ఒక పెద్ద పసుల దొడ్డి. చుట్టూ కట్టెలు పాతిన కంచె గుంతలు, ఆ కంచె కాలిపోతే మళ్లీ కట్టిన గుర్తులు, మళ్లీ కాలడం, మళ్లీ కట్టడం. రెండు కాల్పుల మధ్య పొరలో పశువుల గిట్టల ముద్రలు అలాగే నిలిచి ఉన్నాయి. వేల ఏళ్ల కిందట ఒక మంద లోపలికి వచ్చి తొక్కిన నేల అది, దాని మీద బూడిద పడి మూసుకుపోయింది కాబట్టే మిగిలింది. ఆ మంటలు ప్రమాదాలు కావు, పండగ రోజు కావాలనే పెట్టినవని ఆల్చిన్ అభిప్రాయం, మన భోగి మంటల్నీ సంక్రాంతికి పశువులకు చేసే పూజనీ ఆయన ఈ సందర్భంలోనే తలుచుకున్నారు. భోగి దాకా తీసుకురావడం కొంచెం దూరం పోవడమే అని నాకనిపిస్తుంది, కానీ అన్నిసార్లు దానంతటదే అంటుకుందంటే మాత్రం నేను నమ్మను.

ఇక ఆ బొగ్గు. బ్రిటిష్ మ్యూజియం ల్యాబ్ ఇచ్చిన అంకె "ఇప్పటికి 4,120 ఏళ్లు", అటూ ఇటూ 150. ఇక్కడే మన పత్రికలు పడిపోయే గుంత ఉంది, కాస్త ఓపిక పట్టండి. రేడియో కార్బన్‌లో "ఇప్పటికి" అంటే ఈ రోజు కాదు, 1950. కాబట్టి 4,120లోంచి 1950 తీసేస్తే క్రీ.పూ. 2170 వస్తుంది. అయితే లిబ్బీ వాడిన అర్ధాయువు, అంటే ఆ కార్బన్ సగానికి తరగడానికి పట్టే కాలం, 5,568 ఏళ్లు, తర్వాత సరిగ్గా కొలిస్తే అది 5,730 ఏళ్లని తేలింది, ఆ ప్రకారం సరిదిద్దితే అదే బొగ్గు క్రీ.పూ. 2295కి పోతుంది, పాత పుస్తకాల్లో ఎక్కువగా కనబడేది ఈ అంకే. ఇదీ ఆఖరు కాదు. గాలిలో ఆ కార్బన్ పాళ్లు అన్ని కాలాల్లో ఒకేలా లేవు. ఏటేటా పడే చెట్ల వలయాలను లెక్కపెట్టి, ఆ వలయాల కట్టెను పరీక్షించి తయారుచేసిన పట్టికతో సరిచూడాలి, దాన్నే క్యాలిబ్రేషన్ అంటారు. అలా సరిచూస్తే ఈ బొగ్గు దాదాపు క్రీ.పూ. 2900 నుంచి 2450 మధ్య ఎక్కడో పడుతుంది. ఒకే బొగ్గుకు మూడు లెక్కలు వచ్చాయి, మూడూ అచ్చయినవే. ఒక విలేకరి మొదటిది, ఇంకో విలేకరి మూడోది తీసుకుంటే ఊరి వయసు మారిపోకుండా ఎలా ఉంటుంది? "అటూ ఇటూ 150" అనేదాన్ని తీసేసి రాయడం ఇంకా పెద్ద పొరపాటు, ఎందుకంటే ఆ 150 లేకపోతే ఆ 4,120కి అర్థమే లేదు.

ఇంతా చేసి ఆ తేదీ కట్టెది, ఆ కంచెలో పశువులు ఉన్న రోజుది కాదు. పెద్ద మాను నరికితే లోపలి చేవ బయటి బెరడు కంటే ఎన్నో ఏళ్లు పాతది, ఆ చేవ బొగ్గును పరీక్షిస్తే మనిషి మంట పెట్టిన రోజు కంటే ముందటి తేదీ వస్తుంది. అందుకే ఈ మధ్య తవ్వకాల్లో గింజలకు ఎగబడుతున్నారు. గింజ ఒక్క పంటకాలానిది, ఆ ఏడు పండి ఆ ఏడో మరుసటి ఏడో పొయ్యిలో పడి మాడింది, పైగా కొత్త యంత్రాలకు కొన్ని మిల్లీగ్రాముల కార్బన్ చాలు, ఒక్క గింజతో పని అయిపోతుంది.

దీనికి మంచి ఉదాహరణ బళ్లారి పక్కనే ఉన్న సంగనకల్లు. 1953 దాకా బళ్లారి మనతో పాటు మద్రాసు రాష్ట్రంలోనే, దత్త మండలాల్లోనే ఉంది కదా, ఆ కొండలూ మన అనంతపురం, కర్నూలు కొండలూ ఒకే తీరు, బండ మీద బండ పేర్చినట్టు. అక్కడి సన్నరాచమ్మ కొండ నెత్తిన నవీన శిలాయుగం ఊరు ఉంది. మన పురావస్తు పరిశోధకుడు బెండపూడి సుబ్బారావు 1940ల్లోనే అక్కడ తవ్వారు. ఆ తర్వాత 1990ల చివరి నుంచి రవి కోరిశెట్టర్, డోరియన్ ఫుల్లర్, నికోల్ బోయివిన్ బృందం పని చేసింది. తవ్విన మట్టిని నీళ్లలో వేసి కలిపితే మాడిన గింజలు పైకి తేలతాయి, వాటిని ఏరి ఆరబెట్టి మైక్రోస్కోపు కింద చూస్తారు. అలా ఏరినవి ఏంటో చూడండి: ఉలవలు, పెసలు, అండుకొర్రలు. మా రాయలసీమ ఇళ్లలో ఉలవచారు కాచే గింజే, అదీ ఆ కొండ మీద మాడి అంత కాలం ఉండిపోయింది. ఆ గింజల తేదీల వల్లే కొండ మీద ముందు పసుల బూడిద పేరుకుందని, ఆ మీదటే ఊరు నిలిచిందని, క్రీ.పూ. 1400-1200 ప్రాంతానికి జనం కొండ దిగి కింద నేల మీద కాపురాలు పెట్టారని వరుసగా చెప్పగలుగుతున్నారు. ఏదో ఒక పెంకును చూసి "ఐదు వేల ఏళ్ల నాటిది" అని తేల్చే మాట కాదిది.

ఇదంతా పొర చెదరకుండా ఉంటేనే. గింజకు తనంతట తాను విలువ లేదు, ఏ గచ్చు మీద, ఏ బూడిద కింద దొరికిందో తెలిస్తేనే దాని తేదీ ఊరి తేదీ అవుతుంది. ఎలుక బొరియలోంచి జారిపడిన కొత్త గింజైనా, జేసీబీ ఎత్తి పోసిన మట్టిలోని పాత గింజైనా ల్యాబ్ దానికి తేదీ ఇస్తుంది, కానీ ఆ తేదీ దేనిదో ఎవరూ చెప్పలేరు.

మరి పొరలు చెదరకుండా ఉంటున్నాయా? బూడిద దిబ్బను చేలకు ఎరువుగా తోలుకోవడం ఎప్పటి నుంచో ఉంది, దాని వల్ల దక్కనులో చాలా దిబ్బలు సగమో ముప్పాతికో పోయాయి. మా ప్రాంతంలో అలా ఒక పక్క ట్రాక్టర్లకు ఎత్తేసిన దిబ్బను నేను దగ్గర్నుంచి చూశాను. కోసిన గోడలో తెల్ల బూడిద, దాని కింద వేలెడు మందాన నల్ల బొగ్గు చార, మళ్లీ బూడిద, మళ్లీ చార, కాల్చిన ప్రతిసారీ అలా వరుసగా కనబడుతుంది. ఎత్తుకెళ్లిన సగంలోనూ అవే చారలు ఉండేవి, ఇప్పుడు అవి మడి మట్టిలో కలిసిపోయాయి, వాటిని ఎవరూ విడదీయలేరు. రైతును తప్పు పట్టను, అదేమిటో ఆయనకు చెప్పిన అధికారి ఒక్కరూ లేరు. కొండల బాధ వేరు. సంగనకల్లు పక్కనే ఉన్న హిరేగుడ్డలో నల్లరాతితో గొడ్డళ్లు చెక్కిన కార్ఖానా, బండలు కొడితే గంటలా మోగే చోట్లు, ఎద్దుల బొమ్మలు ఉన్నాయి. దాన్ని గ్రానైటు క్వారీలు తినేస్తున్నాయని పరిశోధకులు ఇరవై ఏళ్ల కిందటే గోల పెట్టారు. మన రెండు రాష్ట్రాల్లోనూ గ్రానైటు లేని జిల్లా తక్కువ, అలాంటి కొండ ఇంకెన్ని ఉన్నాయో. కేంద్రం రక్షిత కట్టడమని ప్రకటిస్తే చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషేధం, ఆ పైన మరో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి, చట్టం గట్టిదే. అయితే ఆ జాబితాలో పేరుంటేనే. గుళ్లకూ కోటలకూ దొరికినంత తేలిగ్గా బూడిద దిబ్బకు ఆ జాబితాలో చోటు దొరకదు.

కాబట్టి నా కోరిక. ఇలాంటి వార్త వచ్చినప్పుడు విలేకరి కొన్ని ప్రశ్నలు అడిగి జవాబులు కూడా వేయాలి: ఏళ్లు ల్యాబ్‌లో తేలినవా, పోలిక మీద చెప్పినవా, ల్యాబ్ అయితే బొగ్గా, గింజా, ఎముకా, అటూ ఇటూ తేడా ఎంత, క్యాలిబ్రేషన్ చేసిన అంకేనా. పోలిక అయితే ఆ మాటే రాయండి, తప్పేం లేదు, వీలర్ చేసిందీ అదే. ఆ గుట్ట రక్షిత జాబితాలో ఉందా లేదా, దాని మీద క్వారీ లీజు ఉందా అన్నది కూడా అడగండి, వయసు కంటే ముందు అడగాల్సింది అదేనని నా ఉద్దేశం. ఫోటో తీసేటప్పుడు గొడ్డలినో పెంకునో చేతిలో పట్టుకుని నిలబడమని ఊరి పిల్లలకు చెప్పకండి, దొరికిన చోటే ఉంచి పక్కన స్కేలో పెన్నో పెట్టి తీయమనండి. ఆ వస్తువు అక్కణ్నుంచి కదలకముందే రాష్ట్ర పురావస్తు శాఖకు, తహసీల్దారుకు కబురు పోవాలి.

ఇంకొకటి. కె. పద్దయ్య గారు పుణె దక్కన్ కాలేజీ తరఫున కర్ణాటకలో బూదిహాళ్ దిబ్బను ఏళ్ల తరబడి తవ్వి, దొడ్డి పక్కనే జనం ఉన్న ఇళ్లూ పశువుల్ని కోసిన చోటూ చూపించారు, పద్మశ్రీ కూడా వచ్చింది. మన తెలుగు నేల మీద ఉట్నూరు, అనంతపురం జిల్లా పాల్వాయి లాంటివి తవ్వి దశాబ్దాలు దాటింది. ఆనాడు బొగ్గు ముక్క గ్రాముల కొద్దీ కావాలి, ఇప్పుడు ఒక ఉలవ గింజ చాలు. మిగిలిన దిబ్బల్లో చెయ్యి పడని భాగం ఎక్కడెక్కడ ఉందో రెండు ప్రభుత్వాలూ ఒకసారి సర్వే చేయించి, ఆ పటం బయటపెడితే అందరికీ తెలుస్తుంది. ఆ సర్వే ఎప్పుడు చేస్తారని మీ ఆదివారం సంచికలో ఎవరైనా మంత్రులనే అడిగి రాయగలరా?

ఇట్లు,
మీ పాఠకుడు,
అనంతపురం జిల్లా