మర్నాడు పొద్దున ఏం తాగాలంటే

చిన్నా,

నిన్న ఫోన్‌లో అడిగావు కదా, "తల పగిలిపోతోందమ్మా, రాత్రి తాగిన మందు దిగాలంటే ఏం తాగాలి?" అని. నీకు మాట్లాడే ఓపిక కూడా లేదని గొంతులోనే తెలిసింది. అందుకే మజ్జిగ తాగి పడుకోమని చెప్పి పెట్టేశాను. మిగతాది ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. నువ్వు దాచకుండా నన్నే అడిగినందుకు సంతోషం. కాబట్టి నేనూ ఏదీ దాచకుండా చెబుతాను.

ముందు ఒక మాట గట్టిగా గుర్తు పెట్టుకో. ఏది తాగినా మందు దిగదు. దాన్ని దించే పని లివర్‌దే. అది గంటకి సుమారు 7 నుంచి 10 గ్రాముల ఆల్కహాల్ మాత్రమే కరిగించగలదు. మనం తొందరపెట్టినా అది తొందరపడదు. బాటిల్ మీద 42.8 శాతం అని రాసి ఉన్న విస్కీ గానీ రమ్ము గానీ 30 మి.లీ. పెగ్గు ఒకటి తాగితే దాదాపు 10 గ్రాముల ఆల్కహాల్ ఒంట్లోకి వెళ్లినట్టే. అంటే ఒక్కో పెగ్గుకీ గంట, గంటన్నర. "నేను బీరే తాగానమ్మా" అన్నావు చూడు, అక్కడే చాలామంది లెక్క తప్పుతారు. 8 శాతం ఉండే స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసా ఒక్కటి నాలుగు పెగ్గులతో సమానం. రెండు సీసాలు తాగి ఒంటిగంటకి పడుకుంటే, పొద్దున్న ఏడింటికి నీ రక్తంలో ఇంకా మందు ఉన్నట్టే. అప్పుడు బ్లాక్ కాఫీ తాగినా, చన్నీళ్ల స్నానం చేసినా, నిమ్మకాయలు పిండుకుని తాగినా ఆ లెక్క మారదు. 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ హ్యాంగోవర్ చిట్కాల మీద జరిగిన పరీక్షలన్నిటినీ పరిశీలించి రాశారు. ఏ ఒక్కటీ నమ్మదగ్గట్టు పనిచేస్తుందని తేలలేదు.

మరి మజ్జిగ ఎందుకు తాగమన్నావు అంటావేమో. మందుని దించడానికి కాదు, అది ఒంట్లోంచి లాగేసినవి తిరిగి ఇవ్వడానికి. మన మెదడు ఒక హార్మోన్ వదులుతుంది, ఒంట్లో నీళ్లు పట్టి ఉంచమని కిడ్నీలకి చెప్పేది అదే. మందు ఆ హార్మోన్‌ని అణిచేస్తుంది. అందుకే తాగినప్పుడు అన్నిసార్లు బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తుంది. పొద్దుటికి నోరు పిడచగట్టుకుపోతుంది. వాంతులు కూడా అయితే నీళ్లతో పాటు ఉప్పూ పోతుంది. కడుపు లోపలి పొర రేగుతుంది. ఏమీ తినకుండా తాగితే ఒంట్లో చక్కెర పడిపోవచ్చు, ఆ వణుకు, చెమటలు కొంతవరకు అందుకే. రాత్రంతా పడుకున్నట్టే ఉన్నా నిద్ర సరిగ్గా పట్టదు. ఇవి కాక, లివర్ మందుని విడగొట్టేటప్పుడు పుట్టే అసిటాల్డిహైడ్ అనే విషపదార్థం ఒకటి, ఒళ్లంతా రేగే వాపు ఒకటి. ఈ చివరి రెండింటికీ ఏ పానీయమూ లేదు, టైమే మందు. నీళ్లకీ ఉప్పుకీ చక్కెరకీ కడుపుకీ మాత్రం మన వంటింట్లోనే ఉన్నాయి.

మజ్జిగ నా దృష్టిలో అన్నిటికంటే ముందు. అయితే నువ్వు ఫ్రిజ్‌లోంచి పులిసిన పెరుగు తీసి అందులో నీళ్లు పోసి గడగడా తాగేస్తే మళ్లీ వాంతే. అలా కాదు. ఆ పూట తోడుకున్న కమ్మటి పెరుగు ఒక కప్పు తీసుకో, దానికి మూడు కప్పుల నీళ్లు. బాగా చిలుకు, పైన నురగ రావాలి. వెన్న తేలితే తీసేయ్. అర చెంచాకి తక్కువగా ఉప్పు, దంచిన చిన్న అల్లం ముక్క, నలిపిన కరివేపాకు రెబ్బ. పచ్చిమిర్చి ఆ రోజుకి వద్దు, రేగిన కడుపు కారాన్ని ఓర్చుకోలేదు. అల్లం వికారానికి మంచిది, కానీ పిప్పి గొంతుకి అడ్డం పడకుండా వడకట్టుకో. మజ్జిగలో నీళ్లు, ఉప్పు, పొటాషియం, కొంచెం పోషకం అన్నీ ఉంటాయి, చల్లగా లోపలికి దిగుతుంది. గ్లాసుడు ఒక్కసారి తాగకు. రెండు గుక్కలు తాగి ఐదు నిమిషాలు ఆగు, నిలిస్తే మళ్లీ రెండు గుక్కలు.

ఈ గుక్క గుక్క సంగతి నేను క్యాజువాలిటీ డ్యూటీలో నేర్చుకున్నదే. జనవరి ఒకటో తారీఖు పొద్దున్న మా వార్డు ఎలా ఉండేదో నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఒక ఏడాది నీ వయసు కుర్రాడిని ఇద్దరు స్నేహితులు రెండు రెక్కలూ పట్టుకుని తీసుకొచ్చారు. ఏది పోసినా కక్కేస్తున్నాడని ఒకటే కంగారు. ఏం పోశారని అడిగితే, చెంబుడు నిమ్మకాయ నీళ్లు ఒక్క పట్టున తాగించామన్నారు, దాని మీద కాఫీ అన్నారు. నాలుక చెక్కలా ఎండిపోయి ఉంది. డాక్టర్ గారు చూసి ప్రమాదం లేదన్నాక, అతని పక్కన స్టూలు వేసుకుని కూర్చుని ఓఆర్‌ఎస్ నీళ్లు చెంచాతో పట్టించాను. ఒక చెంచా, రెండు నిమిషాలు ఆగడం, మళ్లీ చెంచా. మొదటి పావుగంట ప్రతి చెంచాకీ మొహం అటు తిప్పుకున్నాడు. గంట గడిచేసరికి గ్లాసు తనే చేత్తో పట్టుకున్నాడు. సెలైన్ ఎక్కించాల్సిన పని రాలేదు. రేగిన కడుపులో ఒక్కసారి అంత పోస్తే అది తన్నేస్తుంది, కొంచెం కొంచెంగా ఇస్తే తీసుకుంటుంది. నీకైనా నీ ఫ్రెండ్‌కైనా ఇదే పద్ధతి.

కొబ్బరి నీళ్ల గురించి. కోనసీమ పక్కన పుట్టినవాడివి, నీకు వాటి రుచి నేను చెప్పక్కర్లేదు. లేత బొండం నీళ్లలో పొటాషియం బాగా ఉంటుంది, కొద్దిగా చక్కెర ఉంటుంది, కడుపుకి హాయి. కానీ ఉప్పు తక్కువ. వాంతులై ఉప్పు పోయినవాడికి ఉట్టి బొండం నీళ్లు సరిపోవు. గ్లాసులో పోసుకుని చిటికెడు ఉప్పు కలుపుకో, లేదా పక్కన ఉప్పు వేసిన గంజి తాగు. అక్కడ హైదరాబాద్‌లో ప్యాకెట్లలో అమ్మే వాటి మీద చక్కెర ఎంతుందో చదివి కొను. ఇంకోటి, మీ పెదనాన్నలా కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి డాక్టర్‌ని అడగకుండా కొబ్బరి నీళ్లు ఎప్పుడూ ఇవ్వకూడదు. పొటాషియం పెరిగితే గుండెకే ప్రమాదం.

ఏదీ నోటికి పోనప్పుడు గంజి. గుప్పెడు బియ్యానికి ఐదారు గ్లాసుల నీళ్లు పోసి మెత్తగా ఉడికించి, పైన తేరిన గంజి వార్చుకుని, ఉప్పేసుకుని గోరువెచ్చగా తాగు. మీ అమ్మమ్మ వంటింట్లో ఓ మూల తరవాణి కుండ ఉండేది. రోజూ అందులో గంజి పోసి పులియబెట్టేది, నిమ్మాకులు వేసేది. ఎండాకాలం పొలం నుంచి వచ్చినవాళ్లందరికీ అదే పోసేది. ఆ తరవాణి నాకు ఇప్పటికీ ప్రాణం. అయినా హ్యాంగోవర్ కడుపుకి పులుపు పడకపోవచ్చు, నీకు ఆ రోజుకి తాజా గంజే మేలు. మీ రూమ్‌లో ఉండే వరంగల్ అబ్బాయికి అంబలి అలవాటే కాబట్టి అతన్ని చేయమను. జొన్నపిండి గానీ రాగిపిండి గానీ నీళ్లలో ఉడికించి, చల్లారాక మజ్జిగ, ఉప్పు కలిపితే అయిపోయింది. కడుపులో పడగానే ఒంటికి కొంచెం సత్తువ వస్తుంది. సగ్గుబియ్యం జావ కూడా అంతే, పలచగా కాచుకో.

మధ్యాహ్నానికి కాస్త తేరుకున్నాక చారు పెట్టుకో. టమాటా, కొంచెం చింతపండు, జీలకర్ర, తగినంత ఉప్పు. మిరియాలు నామమాత్రంగా. అన్నం కలుపుకోవాలనిపించకపోతే గ్లాసులో పోసుకుని తాగేయ్.

నిమ్మకాయ నీళ్లు మంచివే గానీ ఉప్పు, పంచదార రెండూ వేస్తేనే. ఈ రెండూ కలిసి ఉంటేనే పేగులు నీళ్లని బాగా పీల్చుకుంటాయి. ఓఆర్‌ఎస్ అంటే అదే కిటుకు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో కలరా వచ్చి సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ బెంగాల్‌లోని బనగావ్‌లో గ్లూకోజ్, ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి ఎంతమంది ప్రాణాలు నిలిపారో మా ట్రైనింగ్‌లో చెప్పారు. వాంతులకీ విరేచనాలకీ దానికంటే మంచి పానీయం నేను నా సర్వీసులో చూడలేదు. ఇంట్లో చేసుకోవాలంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్లకి ఆరు చిన్న చెంచాలు పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా తలగొట్టి వేయాలి. ఉప్పు ఎక్కువైతే హాని. మందుల షాపులో కొంటే మాత్రం ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్టే అడుగు. ఓఆర్‌ఎస్ పేరు తగిలించి ఉట్టి తీపి నీళ్లు అమ్మేవాళ్లని ఆపాలని హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి డ్రింకుల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ఆవిడ గురించి పేపర్లో చదివినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

రోజూ కాఫీ తాగేవాడివి కాబట్టి ఒక చిన్న కప్పు తాగు, అది మానేసినా తలనొప్పి వస్తుంది. కానీ పరగడుపున మాత్రం వద్దు.

ఇక చేయకూడనివి. "పొద్దున్నే ఒక పెగ్గు వేస్తే దిగిపోతుంది", "కల్లు చలవ చేస్తుంది" అనేవాళ్ల మాట వినకు. ఆ పెగ్గు నొప్పిని సాయంత్రానికి వాయిదా వేస్తుంది, అంతే. అలా పొద్దున పెగ్గుతో మొదలై అలవాటుగా మారినవాళ్లని, కళ్లు పచ్చబడి పొట్ట ఉబ్బి వార్డుకి వచ్చినవాళ్లని చేతులారా చూసుకున్నాను. తలనొప్పికి పారాసిటమాల్ కూడా మందు ఇంకా ఒంట్లో ఉండగా వేసుకోకు, ఆ రెండిటి భారమూ లివర్ మీదే. ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ లాంటివైతే రేగిన కడుపుని ఇంకా రేపుతాయి, రక్తం కూడా పడొచ్చు. నీళ్లు తాగి, చీకటి గదిలో పడుకో. ఎనర్జీ డ్రింకుల జోలికి పోకు.

బండి తీయకు. రక్తంలో 100 మి.లీ.కి 30 మి.గ్రా. దాటితే చట్టం ప్రకారం నేరమే, రాత్రి తాగానా పొద్దున తాగానా అని మెషిన్ అడగదు. మొదటిసారి దొరికినా పదివేలు జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, ఒక్కోసారి రెండూ. నాకు ఆ డబ్బు గురించి కాదు బాధ. ఆఫీసుకి ఆలస్యమైతే అవనీ, మెట్రోలో వెళ్లు.

ఇప్పుడు రాసేది నీ రూమ్‌లో అందరికీ చదివి వినిపించు. తాగి పడుకున్నవాడు ఎంత లేపినా లేవకపోతే, ఊపిరి నిమిషానికి ఎనిమిది కంటే తక్కువగా తీసుకుంటుంటే, ఒక్కో ఊపిరికీ మధ్య చాలా గ్యాప్ వస్తుంటే, పెదాలు నీలంగా మారితే, ఫిట్స్ వస్తే, వాంతిలో రక్తం పడితే అది హ్యాంగోవర్ కాదు. అప్పుడు మజ్జిగా వద్దు, నిమ్మరసమూ వద్దు, నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఒంటరిగా వదలకండి. "పడుకుంటే సర్దుకుంటుంది" అని వదిలేసిన స్నేహితులు తర్వాత ఎంత ఏడ్చారో నేను చూశాను. ఎక్కడో తెలియనిచోట కొన్న మందు తాగాక చూపు మసకబారినా, తెల్లగా పొగమంచులా కనిపించినా అది మిథనాల్ కలిసిన కల్తీ కావచ్చు. తాగిన కొన్ని గంటలకి, ఒక్కోసారి మర్నాటికి గానీ బయటపడదు. ఆసుపత్రికి ఎంత త్వరగా వెళ్తే చూపు, ప్రాణం దక్కే అవకాశం అంత ఎక్కువ. ఎవరు తిడతారో అని దాచకండి. పోలీసులు, ఇంట్లోవాళ్లు, ఎవరి సంగతైనా తర్వాత చూసుకోవచ్చు.

తాగొద్దని చెప్పే హక్కు నాకు ఎప్పుడూ ఉంది, చెబుతూనే ఉంటాను కూడా. ఆరోగ్యానికి ఇంతైతే పర్వాలేదు అనే మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. అయినా పార్టీకి వెళ్లే రోజు నువ్వు నా మాట వినకపోతే, కనీసం పెరుగన్నమో పప్పన్నమో తిని వెళ్లు, ప్రతి గ్లాసుకీ మధ్యలో ఒక గ్లాసు మంచినీళ్లు తాగు.

శుక్రవారం రాత్రి బస్సుకి మీ బాబాయి హైదరాబాద్ వస్తున్నాడు. అతని చేతికి సగ్గుబియ్యం, రాగిపిండి, అల్లం, మన చెట్టు నిమ్మకాయలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఇచ్చి పంపుతున్నాను. ప్యాకెట్లు ఫ్రిజ్ పైన అందరికీ కనిపించేలా పెట్టు. తల నొప్పి తగ్గిందో లేదో రాత్రికి ఫోన్ చెయ్యి, నాన్న కూడా అడుగుతున్నారు.

మీ అమ్మ