సింగ్‌నగర్ నుంచి కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. విజయవాడను ముంచిన బుడమేరు వాగు నీళ్లు దిగిపోయాయి. ఫైరింజన్ వచ్చి మా వీధిలో ఇళ్లు కడిగి వెళ్లింది, కరెంటూ వచ్చింది. ఇక ఆలస్యం చేస్తే బాగుండదు.

ఫ్లైఓవర్ దగ్గర నుంచి పడవలో పాలు, మంచినీళ్లు తెచ్చిన తమ్ముళ్లకు, మమ్మల్నందరినీ పైవాటాలో ఉంచుకున్న పిన్నిగారికి, నడుంలోతు నీళ్లలో నడిచొచ్చిన ఆశా అక్కకు చేతులెత్తి దండం. మా చిన్నోడికి వాంతులు, మోషన్లు పట్టుకుని కళ్లు పీక్కుపోయాయి. ఆసుపత్రికి దారి లేదు. అక్క ఇచ్చిన ఓఆర్‌ఎస్ కలిపి రాత్రంతా చెంచాతో పడుతూనే ఉన్నాం. తెల్లారేసరికి ఒంటికి పోసుకున్నాడు. అంతకంటే మంచి కబురు ఇంకేముంటుందో తల్లులకు తెలుసు.

ఈ ఓఆర్‌ఎస్‌ను మనదాకా తెచ్చిన, ముఖం తెలియని కొందరికీ నేను బాకీ ఉన్నాను. జీవశాస్త్రం టీచర్ని కాబట్టి ఈ సోది కాస్త భరించండి. మోషన్లు అవుతున్నప్పుడు ఉత్త ఉప్పునీళ్లు పేగుకు సరిగా పట్టవు. గ్లూకోజు తోడైతే అది ఉప్పును లోపలికి లాక్కెళ్తుంది, వెనకే నీళ్లూ వెళ్తాయి. 1960లో ఈ సంగతి చెప్పిన అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ చూస్తున్నది చక్కెర పేగులోకి ఎలా ఇంకుతుందనే. కలరా ఆయన లెక్కలోనే లేదు. కలరా రోగులకు తాగించి 1968లో రుజువు చేసింది ఢాకాలోని పరిశోధనశాల. అక్కడ ఖర్చయినదాంట్లో ఎక్కువ భాగం అమెరికా ప్రభుత్వానిది. తమ సైనికులకు కలరా వస్తుందన్న భయమూ అందులో ఉంది, కాదనను. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థులతో కిక్కిరిసిన పశ్చిమ బెంగాల్ సరిహద్దు ఊరు బనగావ్‌లో కలరా ప్రబలి సెలైన్ నిండుకుంటే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా డ్రమ్ముల్లో కలిపించి తాగించారు. 100కు 30 దాకా ఉన్న చావులు 4 లోపుకు దిగాయి.

2016లో మన రాష్ట్రంతో కలిపి నాలుగు రాష్ట్రాల్లో మొదలైన రోటా చుక్కల (పసిపిల్లలకు మోషన్లు తెచ్చే రోటా వైరస్‌కు వేసే టీకా) కథా ఇంతే. టీకాకు వాడిన వైరస్ రకం ఢిల్లీ పసికందుల్లో దొరికింది, టీకా హైదరాబాదులో తయారైంది, పరిశోధనకు డబ్బు మన ప్రభుత్వమూ అమెరికా సంస్థలూ పెట్టాయి. ఊరుకాని ఊరి రోగాలకు మన పన్నులెందుకని ప్రతి దేశంలోనూ అడుగుతారు. అడగనివ్వండి. ఎప్పుడో ఎవరో కట్టిన పన్ను మావాడి చెంచాలోకి వచ్చింది.

క్యాంపులో ఇచ్చిన ప్యాకెట్లు ఇంకా మిగిలాయి. కావలసినవాళ్లు సాయంత్రం స్కూలయ్యాక వచ్చి తీసుకెళ్లండి. అన్నీ లీటరువే. కాచి చల్లార్చిన నీళ్లలో ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలపాలి, సగం సగం వద్దు. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలుపుకోండి.