లాకప్ దాకా మేజిస్ట్రేటు రావాలి

సంపాదకులకు నమస్కారం.

పాత శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితపై మీ పత్రికలో సాగుతున్న చర్చను శ్రద్ధగా చదువుతున్నాను. బ్రిటన్, అమెరికాల ప్రస్తావన తరచుగా వస్తున్నా, మన పాత శిక్షాస్మృతికి దూరపు చుట్టమైన నైజీరియా ఊసు రాకపోవడం లోటనిపించింది. 1860 నాటి మన ఐపీసీ నమూనాగా సూడాన్‌కు తయారైన స్మృతినే కొన్ని మార్పులతో 1960లో ఉత్తర నైజీరియాలో అమలుకు తెచ్చారు. దక్షిణాన 1916 నాటి వేరే క్రిమినల్ కోడ్ కొనసాగింది.

అయితే శిక్షల కంటే విచారణ పద్ధతే అక్కడి పేదలను ఎక్కువగా కుంగదీసింది. సాయుధ దోపిడీ వంటి కేసుల్లో, విచారించే అధికారమే లేని మేజిస్ట్రేటు ముందు పోలీసులు నిందితుణ్ని హాజరుపరచి, ప్రాసిక్యూషన్ విభాగం సలహా వచ్చేదాకా అంటూ జైలుకు పంపించేవారు. అక్కడి న్యాయవాదులు దీనిని 'హోల్డింగ్ ఛార్జ్' అంటారు. ఫైలు కదలదు, మనిషి బయటికి రాడు. 2007లో లాగోస్ రాష్ట్రం దారి చూపగా, 2015లో ఫెడరల్ ప్రభుత్వం చేసిన చట్టం ఇలాంటి రిమాండును విడతకు 14 రోజులకు పరిమితం చేసింది. నిందితుడు దొరకలేదని అతని తండ్రినో తమ్ముణ్నో పట్టుకుపోవడాన్ని నిషేధించింది. (ఈ నిషేధం ఎందుకో మన పల్లెల్లో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.) అన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది ఆ చట్టంలోని 34వ సెక్షన్: మేజిస్ట్రేట్లు కనీసం నెలకొకసారి తమ పరిధిలోని పోలీస్ స్టేషన్లకు స్వయంగా వెళ్లి, నిర్బంధంలో ఉన్నవారి వివరాలు తనిఖీ చేయాలి.

కాగితం మీది చట్టం అంతటా అమలైందని చెప్పను. 1992లో ఏర్పాటైన 'సార్స్' అనే దోపిడీ నిరోధక దళం ఆగడాలు 2017లో చిత్రహింసల నిషేధ చట్టం వచ్చినా ఆగలేదు. 2020 అక్టోబరులో యువత వీధుల్లోకి వచ్చిన తరువాతే దానిని రద్దు చేశారు. 2019లో జైళ్ల శాఖను కరెక్షనల్ సర్వీసుగా మార్చి, జైలు నిండితే కొత్తవారిని చేర్చుకోకుండా నిరాకరించే అధికారం కూడా ఇచ్చారు. అయినా ఖైదీల్లో సుమారు మూడింట రెండు వంతుల మంది ఇంకా తీర్పు వినని వారే.

2022 జాతీయ నేర గణాంకాల ప్రకారం మన జైళ్లలోనూ నూటికి సుమారు 76 మంది విచారణ ఖైదీలే కనుక, నైజీరియాను చూసి ముక్కున వేలేసుకునే అర్హత మనకు లేదు. నేర విచారణ పద్ధతిని నిర్దేశించే మన నాగరిక్ సురక్షా సంహితలో నైజీరియా 34వ సెక్షన్ వంటి నిబంధన లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హైకోర్టులు మేజిస్ట్రేట్ల నెలవారీ లాకప్ తనిఖీలకు ఆదేశించి, ఆ నివేదికలు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలకు చేరేలా చూడాలని, ఈ ప్రతిపాదనపై మీరు న్యాయనిపుణుల అభిప్రాయాలు ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక న్యాయవాది, గుంటూరు