మీ బరువు మెషీన్ దాచిన అరకిలో

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: డిజిటల్ బరువు మెషీన్ పాత అంకెనే మళ్ళీ చూపడం, డబ్బు వాపసు, పెట్టె మీద హెచ్చరిక కోరడం

అయ్యా,

మా అమ్మకు గుండె వైఫల్యం ఉంది. గుండె పంపింగ్ తగ్గడం వల్ల ఒంట్లో నీరు చేరుతుంది. అందుకని రోజూ ఫ్యూరోసెమైడ్ వేసుకుంటుంది. మా ఇంట్లో దాన్ని నీరు పోయే మాత్ర అంటాం. పొద్దున్నే మూత్రానికి వెళ్ళి వచ్చాక, కాఫీ కూడా తాగకముందే, ఒకే రకం బట్టలతో బరువు చూసి పుస్తకంలో రాయాలని, మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి పెరిగితే వెంటనే ఫోన్ చేయాలని డాక్టరు గారు చెప్పారు. లీటరు నీరు అంటే కిలో బరువు. మూడు రోజుల్లో అంత పెరిగితే అది తిన్న తిండి వల్ల పట్టిన కండ కాదు, నీరే. పాదాల మీద వేలితో నొక్కితే గుంట పడే దశ రాకముందే, పడుకుంటే ఆయాసం వచ్చి దిండు మీద దిండు వేసుకోకముందే సంగతి చెప్పేది ఆ అంకె ఒక్కటే.

మీ మెషీన్ కొన్నది అందుకే. యాభై గ్రాముల తేడాను కూడా పట్టుకుంటుందని పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేశారు. పట్టుకుంటుంది, నిజమే. పట్టుకుని మాకు చెప్పదు.

అమ్మ బరువు వరసగా కొన్ని రోజులు గ్రాము తేడా లేకుండా అదే అంకె చూపింది. ఒకరోజు ఉన్నట్టుండి పైకి ఎగిరింది. రాత్రికి రాత్రే అంత నీరు చేరిందని ఇల్లంతా కంగారు పడింది. నింద ఆవకాయ జాడీ మీద పడింది. డాక్టరు గారు సలహా ఇచ్చి ఉప్పు ముట్టనివ్వక, మజ్జిగ కూడా గ్లాసుతో కొలిచి తాగిస్తున్న మనిషిని, దొంగచాటుగా పచ్చడి తిన్నావా అని పిల్లలు నిలదీశారు. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. డాక్టరు గారు చెప్పినట్టు ఆ రోజు మాత్ర మోతాదు పెంచాం. మర్నాడు చూస్తే అంకె కదలలేదు. మందు పనిచేయలేదనుకుని మళ్ళీ పెంచడమా అని ఆలోచిస్తుంటే, ఆస్పత్రిలో ఉన్న మెషీన్ మీద చూసి బరువు తగ్గిందన్నారు. ఆ మాత్ర ఎక్కువైతే బీపీ పడిపోతుంది, పొటాషియం తగ్గుతుంది, మూత్రపిండాల మీద దెబ్బ పడుతుంది. ఈ సంగతి మీ ఇంజనీర్లకు తెలియకపోవచ్చు, మాకు బాగా తెలుసు.

అప్పుడు ఇంట్లో పరీక్షించాను. నేను ఎక్కి దిగి, అరలీటరు నీళ్ళ సీసా పట్టుకుని మళ్ళీ ఎక్కాను. అంకె మారలేదు. పెద్ద సీసా పట్టుకుంటే మారింది. మధ్యలో బియ్యం సంచి పెట్టి తీసి, ఆ తరువాత అరలీటరు సీసాతో ఎక్కితే తేడా కచ్చితంగా కనిపించింది. కాబట్టి కొత్త బరువు పాతదానికి దగ్గరగా ఉంటే మీ మెషీన్ పాత అంకెనే మళ్ళీ చూపుతోంది. ఆ వీడియో ఈ లేఖతో పంపుతున్నాను.

మీ కాల్ సెంటర్ వారు మొదట చదునైన నేల మీద పెట్టమన్నారు, తరువాత బ్యాటరీ మార్చమన్నారు. ఆఖరికి వచ్చిన జవాబులో మాత్రం అది లోపం కాదని, 'ఒకే ఫలితం రావడానికి పెట్టిన సౌకర్యం' అని రాశారు. అర్థమైంది. రెండుసార్లు ఎక్కితే రెండు అంకెలు వస్తే కొన్నవారు మెషీన్ మీద నమ్మకం పోగొట్టుకుంటారు. వారిని సంతోషపెట్టడానికి తేడాను మింగేశారు. ఒంట్లో నీరు చేరే రోగికి ఆ తేడాయే కావలసింది. మెల్లగా పెరుగుతున్నంతకాలం ఏమీ లేదని ధీమా ఇచ్చి, తేడా ఒక హద్దు దాటాక ఒక్కసారిగా భయపెట్టే మెషీన్ మాకు ఎందుకు? అసలు ఈ సౌకర్యం గురించి పెట్టె మీద కానీ లోపలి కాగితంలో కానీ ఒక్క ముక్క కూడా లేదు.

వస్తువు నాణ్యత, ప్రమాణం ఏమిటో తెలుసుకునే హక్కు 2019 వినియోగదారుల రక్షణ చట్టం నాకు ఇచ్చింది. ఆ హక్కుతోనే అడుగుతున్నాను. నా డబ్బు వాపసు ఇవ్వండి. పాత అంకెను గుర్తుపెట్టుకుని మళ్ళీ చూపే ఈ జ్ఞాపకాన్ని ఆపే మీట ఒకటి పెట్టండి. అది కుదరదంటే రోజువారీ బరువు చూసుకునే గుండె, మూత్రపిండాల రోగులకు పనికిరాదని పెట్టె మీద తెలుగులో కూడా అచ్చువేయండి. ఇప్పటికే కొన్నవారి ఫోన్ నంబర్లు మీ వారంటీ రిజిస్టరులో ఉన్నాయి కనుక వారికి సందేశం పంపండి. వారిలో మా అమ్మలాంటి వారు ఎంతమందో మీకూ తెలియదు.

బిల్లు నకలు, మెషీన్ సీరియల్ నంబరు ఫోటో జతచేస్తున్నాను. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

ఇట్లు,
మీ మెషీన్ కొన్న వినియోగదారురాలు,
కాకినాడ