రవి వాళ్ళ పాపని చూసి వచ్చావా?

తెనాలి,
20 ఏప్రిల్ 2024

చిరంజీవి వంశీకి,

అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీ నాన్నగారి బీపీ అదుపులోనే ఉంది, దాని గురించి టెన్షన్ పెట్టుకోకు. ఎండలు పొద్దున తొమ్మిదికే మాడ్చేస్తున్నాయి. దానికి తోడు ఎన్నికల మైకులు. మొన్న శ్రీరామనవమికి పందిట్లో కల్యాణం చూసి పానకం, వడపప్పు తెచ్చుకున్నాం. ఉగాదికి నువ్వు ఫోన్ చేస్తావని, వంటింట్లో పని చేసుకుంటున్నంతసేపూ ఫోన్ పక్కనే పెట్టుకున్నాను. పని ఎక్కువై ఉంటుందిలే అన్నారు మీ నాన్నగారు. అయి ఉండవచ్చు.

గ్రహణం నాడు మీ ఆఫీసు వాళ్ళందరూ మేడ ఎక్కి చూశారని సుజాత చెప్పింది. డాలస్‌లో దాదాపు నాలుగు నిమిషాలు పట్టపగలే చీకటి పడిందట కదా. ఆ కళ్ళద్దాలు పెట్టుకునే చూశావా? విడిచాక తలస్నానం చేశావా? అడిగితే నవ్వుతావని తెలుసు, అయినా అడుగుతున్నాను.

సుజాత ఇంకో మాట కూడా చెప్పింది. దాని సంగతి తర్వాత రాస్తాను.

మీ దగ్గర్నుంచి వచ్చేశాక కూడా మాకు బేస్‌బాల్ వదల్లేదు. మీ రాత్రి ఏడు గంటల ఆట మాకు తెల్లవారుజామున ఐదున్నరకు మొదలవుతుంది. కాఫీ తాగుతూ మీ నాన్నగారు ఫోన్లో స్కోరు చదువుతారు, నేను వింటాను. నిరుడు నవంబర్ ఒకటిన మీ టెక్సాస్ జట్టు రేంజర్స్ మొట్టమొదటిసారి వరల్డ్ సిరీస్, అదే బేస్‌బాల్ కప్పు, గెలిచినప్పుడు నువ్వూ రవీ సోఫా మీదికెక్కి గంతులేశారు, కింది ఫ్లాట్ వాళ్ళు ఏమంటారోనని నేను భయపడ్డాను. రవి ఆ రాత్రి మనింట్లోనే పడుకున్నాడు. పొద్దున్నే వాడికి పెసరట్టు వేసిపెడితే, అల్లం పచ్చడి గిన్నె ఖాళీ చేసి లేచాడు.

పెద్ద ఆటగాడి మీద మనసు పడటం తప్పని నేననను. డాడ్జర్స్ జట్టులో ఆడే మూకీ బెట్స్‌ని ఎవరు వద్దంటారు? 2018లో ఎంవీపీ, అంటే ఆ ఏటి మేటి ఆటగాడు. నిరుడు 39 హోమ్ రన్లు, 107 ఆర్‌బీఐలు, అదే తన దెబ్బకి జట్టుకి వచ్చిన పరుగులు. ఈసారి సియోల్‌లో ఆడినప్పుడే కొట్టడం మొదలుపెట్టాడు. పైగా షార్ట్‌స్టాప్ స్థానంలో కూడా ఆడుతున్నాడు కాబట్టి మీ ఫాంటసీ జట్టులో, అదే అసలు ఆటగాళ్ళ స్కోర్లతో మీరు స్నేహితులు ఉత్తుత్తిగా కట్టుకునే జట్టులో, సెకండ్ బేస్, అవుట్‌ఫీల్డ్, షార్ట్, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టుకోవచ్చు. ఒక్కడు ముగ్గురి పెట్టు. బళ్ళో లెక్కలు చెప్పినదాన్ని, ఆ మాత్రం నాకూ అర్థమవుతుంది. కానీ ఒక్కడిని తెచ్చుకుంటే జట్టు తయారైపోదు నాన్నా. 2000 డిసెంబర్‌లో మీ రేంజర్సే అలెక్స్ రోడ్రిగెజ్‌కి పదేళ్ళకు 25 కోట్ల 20 లక్షల డాలర్లు రాసిచ్చారు. అతను ఏ లోటూ చెయ్యలేదు, 2003లో ఎంవీపీ కూడా అయ్యాడు. జట్టు మాత్రం ఆ మూడేళ్ళూ డివిజన్‌లో ఆఖరే. 2004లో యాంకీస్‌కి ఇచ్చేశారు. ఇక్కడ ఐపీఎల్‌లో చూడు, గుజరాత్ నుంచి హార్దిక్‌ని తెచ్చుకుని ముంబై వాళ్ళు మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడిపోయారు. ఉప్పల్‌లో మనవాళ్ళు వాళ్ళ మీద 277 కొట్టినరోజు మీ నాన్నగారు అన్నం కూడా టీవీ ముందే తిన్నారు.

ఇక సుజాత చెప్పిన మాట. మీ ఫాంటసీ ఆటలో స్ట్రైడర్ అనే పిచ్చర్‌ని, అదే బంతి వేసేవాణ్ణి, వాళ్ళ తర్వాత దిగే ఇంకెవరో రిలీవర్‌ని ఇచ్చి నువ్వు రవి దగ్గర బెట్స్‌ని తీసుకున్నావట. అంతవరకు బాగానే ఉంది. నిరుడు 20 గెలుపులు, 281 స్ట్రైకవుట్లు తెచ్చినవాడు స్ట్రైడర్, బెట్స్‌కి సరితూగేవాడే. కానీ ఎప్పుడు ఇచ్చావు? ఏప్రిల్ 5 శుక్రవారం రాత్రి అట్లాంటాలో అతను నాలుగు ఇన్నింగ్సుల్లో ఐదు పరుగులిచ్చి దిగిపోయాడు. ఆట అయ్యాక మోచెయ్యి బాగాలేదంటున్నాడని, స్కానింగ్ తీయిస్తామని మేనేజరే చెప్పాడు. ఆ మాట బయటికి వచ్చాకే నువ్వు రవికి ఆఫర్ పంపావంటున్నారు. రవి అప్పుడు ఆస్పత్రిలో ఉన్నాడు. శైలజకి నొప్పులు మొదలై రెండో రోజు. వాడు ఫోన్ చూసి, నువ్వు పంపావు కదా అని ఓకే నొక్కేశాడట. తెల్లారి శనివారం లిగమెంట్ దెబ్బతిందని తేలింది. పన్నెండో తారీకున మీ ఆర్లింగ్టన్‌లోనే ఆపరేషన్ కూడా చేశారు. ఈ ఏడాదికి స్ట్రైడర్ లేనట్టే. మిగతావాళ్ళు ఈ మార్పిడి చెల్లదని వీటో వెయ్యాలని గొడవ చేస్తే, రూల్స్ ప్రకారమే చేశానని నువ్వు పట్టుబట్టావట.

ఇది నిజమో కాదో నాకు తెలియదు. సుజాతకి వాళ్ళాయన చెప్పాడు, వాళ్ళాయనకి మీ లీగ్‌లో ఎవరో చెప్పారు. చేతులు మారేకొద్దీ మాట పెరుగుతుంది. అందుకే నిన్నే అడుగుతున్నాను. నువ్వు ఆఫర్ పంపే వేళకి నీకా మోచేతి సంగతి తెలుసా, తెలియదా?

శాన్ డియెగో జట్టు వాళ్ళ కథ నాకు చెప్పింది నువ్వే. 2016లో డ్రూ పొమెరాంజ్ అనే పిచ్చర్‌ని బోస్టన్‌కి ఇచ్చేటప్పుడు అతని వైద్యం వివరాలు పూర్తిగా చూపించలేదని వాళ్ళ జనరల్ మేనేజర్ ప్రెల్లర్‌ని మేజర్ లీగ్ ముప్పై రోజులు జీతం లేకుండా పక్కన పెట్టింది. ఆ జూలైలోనే మయామీకి పంపిన కోలిన్ రే మొదటి ఆటలో, నాలుగో ఇన్నింగ్స్‌లోనే మోచెయ్యి నొప్పితో దిగిపోతే, ఆ కుర్రాణ్ణి రెండు మూడు రోజుల్లో తిరిగి శాన్ డియెగోకే పంపించేశారు. అది చెబుతూ నువ్వు చేతిలో దోసె ముక్క అలాగే పట్టుకుని "ఇంత మోసమా అమ్మా" అన్నావు. ఆ మాట అన్నవాడు ఇలా చేస్తాడంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

మా కొల్లిపర పెదనాన్న గేదె సంగతి నీకెప్పుడూ చెప్పలేదనుకుంటాను. మంచి ముర్రా జాతిది, చూడ్డానికి నల్లగా నిగనిగలాడుతుండేది. ఆ ఈతలో ఎందుకో పాలు తగ్గిపోయాయి. అమ్మేద్దామనుకున్నారు. కొనడానికి వచ్చింది పరాయివాడు కాదు, మా దుగ్గిరాల బాబాయే. ఆయన వచ్చే ముందు రోజు సాయంత్రం పాలు పితకలేదు, మర్నాడు పొద్దున కూడా పితకలేదు. దూడని తీసుకెళ్ళి దొడ్డి అవతల చింతచెట్టుకి కట్టేశారు. అది ఒకటే అరుపు. నేను గడప మీద కూర్చుని అంతా చూస్తున్నాను. బాబాయి వచ్చేసరికి పొదుగు ఇంత లావున బిగిసిపోయి, చన్నుల్లోంచి పాలు వాటంతట అవే చుక్కలు చుక్కలుగా నేల మీద పడుతున్నాయి. బాబాయి చెయ్యి వేసి కూడా చూడలేదు. "అన్నయ్య గేదె, చూసేదేముంది" అని పైపంచెలోంచి డబ్బు తీసి ఇచ్చి, పలుపు పట్టుకుని తోలుకెళ్ళిపోయాడు. పెద్దమ్మ మజ్జిగ ఇచ్చింది, తాగి వెళ్ళాడు కూడా. ఇంటికెళ్ళాక రెండు పూటలకి సంగతి తెలిసిపోయింది. వచ్చి గొడవ చేస్తాడని పెదనాన్న జవాబులన్నీ సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. సంతలో ఎవరు ఎవరికి చెబుతారు, చూసుకుని కొనాలి కదా అని. బాబాయి రానేలేదు. కబురు కూడా పంపలేదు. మా ఇంట్లో ఏ పెళ్ళయినా పసుపు దుగ్గిరాల బాబాయి ఇంటినుంచే వచ్చేది, వాళ్ళ చేలో పండింది, వాళ్ళే దంచి మూట కట్టి పంపేవాళ్ళు. ఆ ఏడు మా అక్క పెళ్ళికి పసుపు కొట్లో కొన్నారు. పెద్దమ్మ ఆ పొట్లం విప్పుతూ ఏడ్చింది.

రవికి స్కానింగ్ సంగతి వెతుక్కుని చూసే వీలుంది కదా అని నువ్వు అనవచ్చు. భార్య నొప్పులు పడుతుంటే ఏ మగవాడు మోచేతుల వార్తలు వెతుక్కుంటాడు? అందులోనూ ఆఫర్ పంపింది ఇంజనీరింగ్‌లో నాలుగేళ్ళు ఒకే గదిలో ఉన్నవాడు. 1980లో న్యూయార్క్‌లో కొందరు స్నేహితులు కలిసి సరదాగా మొదలుపెట్టిన ఆట ఇది అని నువ్వే అన్నావు. తలా కొంత డబ్బు వేసుకున్నారని కూడా విన్నాను. ఎంతైనా సరే, నాకు నచ్చలేదు. ఇక్కడ మన రాష్ట్రంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2020లోనే నిషేధించారు, అక్కడి చట్టాలు వేరు కావచ్చు. లెక్చర్ ఇవ్వకూడదనుకుంటూనే ఇస్తున్నాను, ఏం చెయ్యను.

రేపల్లె వదినగారు పురిటికని అక్కడే ఉన్నారు కదా. మొన్న ఫోన్ చేశారు. పాప మూడు కిలోలు, జుట్టు ఒత్తుగా ఉంది, రాత్రంతా మేలుకుంటుంది, అన్నీ చెప్పారు. నీ పేరెత్తలేదు. నేనే అడిగాను, మావాడు వచ్చి చూశాడా అని. "ఇంకా రాలేదండీ, పని ఒత్తిడేమో" అన్నారు. ఇరవై నిమిషాల దూరం. ట్రేడ్ ఎలా పోయినా పోనీ, నాకు ఆ మాటే పట్టుకుంది.

మీ నాన్నగారి సలహా ఏమిటంటే, బెట్స్‌ని తిరిగి ఇచ్చెయ్యడానికి మీ లీగ్ నడిపే కమిషనర్ ఒప్పుకుంటే ఇచ్చెయ్. ఒప్పుకోకపోతే వీలర్ అనే ఇంకో మంచి పిచ్చర్ నీ దగ్గరున్నాడట, అతన్ని రవికి ఇచ్చి వాడి దగ్గర ఏదో ఒక చిన్న ఆటగాడిని తీసుకో. ఎందుకు ఇస్తున్నావో లీగ్‌లో అందరికీ చెప్పి ఇవ్వు, లేకపోతే మీ ఇద్దరూ కూడబలుక్కున్నారని ఇంకో గొడవ లేస్తుంది. నీకు స్ట్రైకవుట్లు తగ్గుతాయి. తగ్గనీ. సీజన్ మొదలై నెలే అయింది, 162 ఆటలున్నాయి.

ఒకవేళ సుజాత విన్నదంతా తప్పయితే, ఆ సంగతి నాకు చెప్పు. నేను వదినగారితో మాట్లాడుకుంటాను. ఏదైనా సరే ఈ శనివారం మాత్రం వెళ్ళిరా.

ఉత్తచేతులతో వెళ్ళకు. శైలజకి కారాలు, పచ్చళ్ళు పట్టుకెళ్ళకు, బాలింత తినకూడదు. నేను పంపిన సున్నుండలు మిగిలి ఉంటే ఒక డబ్బాలో పెట్టి ఇవ్వు, వాసన చూసి మరీ పెట్టు. పాపకి మెత్తటి నూలు బట్టలు కొని, ఒకసారి ఉతికి ఆరేసి తీసుకెళ్ళు. వెండి పట్టీలు నేను మే నెలలో సుజాత అత్తగారితో పంపిస్తాను. లోపలికి వెళ్ళగానే చేతులు సబ్బుతో కడుక్కో. ఎత్తుకునేటప్పుడు మెడ కింద చెయ్యి పెట్టు, నిలబడి ఎత్తుకోకు, కూర్చున్నాక ఒళ్ళో పెట్టించుకో. వదినగారికి కాళ్ళకు దణ్ణం పెట్టు. నీకు జలుబుంటే మాత్రం ఈ వారం ఆగి, తగ్గాక వెళ్ళు, కానీ రవికి ఫోన్ మాత్రం ఈరోజే చెయ్యి.

ఈ ఉత్తరం మీ నాన్నగారు ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపుతారు. అక్షరం కనపడకపోతే చెప్పు, మళ్ళీ తీయిస్తాను.

ఆశీస్సులతో,
అమ్మ