రోడ్ల శాఖ ఇంజినీరు గారికి ఒక నడుము తరఫున బహిరంగ లేఖ

అయ్యా,

మా రోడ్డు గుంతల లెక్క మీ దగ్గరుంటుంది. నడుము లెక్క నేను చెప్తాను. అక్కడున్నవి 5 పూసలు, పై ఒంటి బరువంతా వాటి మీదే. పూసకీ పూసకీ మధ్య ఒక డిస్కు: చుట్టూ గట్టి పొర, లోపల మెత్తటి గుజ్జు, అచ్చం పూర్ణం బూరెలా. కల్వర్టు దగ్గర గుంతలో బస్సు పడగానే వెనక సీటువాళ్లు జానెడు లేచి ధబ్బున పడతారు. డిస్కు జారితే ఎక్కువగా జారేది కింది రెండిట్లోనే. పూర్ణం బయటికొచ్చి నరాన్ని నొక్కిందా, పిర్ర నుంచి పాదం దాకా కరెంటు షాకే! ఒంట్లోకెల్లా లావుపాటి నరం మరి.

తోక ఎముక గురించి ఇక్కడ రాయను, ఆడవాళ్లూ చదువుతారు.

ఈసారి తనిఖీకి జీపు మానేసి మా బస్సులో రండి. వెనక సీటు ఎప్పుడూ ఖాళీయే.

ఇట్లు,
నడుం బెల్టుతో ఒక ప్రయాణికుడు