నెయిల్ టెక్నీషియన్ల సంఘం, విశాఖపట్నం: 2025-26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో మళ్లీ రాయడం లేదు. రాసినా ఆ పేరా ఎవరూ చదవరని పోయినేడాదే తెలిసింది. నేరుగా పనుల్లోకి వస్తాను.

ముందు ధన్యవాదాలు చెప్పేస్తాను, చివర్లో అయితే ఎవరో ఒకరిని మర్చిపోయి మాటపడాల్సి వస్తుంది. ఎంవీపీ కాలనీలో తన పార్లర్ పై గదిని ప్రతి సమావేశానికీ ఉచితంగా ఇచ్చిన మన కోశాధికారిగారికి, కుర్చీలు సర్దడం దగ్గర్నుంచి గిన్నెలు కడగడం దాకా చూసుకున్న ఆవిడ చెల్లెలికి, గాజువాక నుంచి చంకలో పిల్లాడితో బస్సు పట్టుకుని వచ్చి, ఒక్కసారి కూడా ఆలస్యం చేయని మన చిన్న సభ్యురాలికి, టీలు పంపి డబ్బులు అడగడం మర్చిపోయినట్టు నటించిన కింది టీకొట్టు బాబాయికి సంఘం తరఫున కృతజ్ఞతలు. సీతమ్మధారలో ఉంటూ నడిచి వచ్చే దూరంలోనే ఉన్నా ఏడాదంతా కనిపించని సభ్యులకు కూడా నమస్కారాలు. వాళ్లకు ఈ నివేదిక వాట్సాప్‌లో పంపిస్తాం.

నెలవారీ సమావేశాలు రెండు నెలలు తప్ప అన్ని నెలలూ జరిగాయి. ఆ రెండూ ముహూర్తాలు గట్టిగా ఉన్న నెలలు కాబట్టి ఎవరినీ తప్పుపట్టడం లేదు. కొత్తవాళ్లకు టిప్ (గోరు మీద అంటించే కృత్రిమ గోరు) సైజు ఎంచుకోవడం, గోరు ప్రిపరేషన్, జెల్ తీసేటప్పుడు గోరు పొర లేవకుండా చూసుకోవడం మీద ఒక్కో పూట చెప్పుకున్నాం. వీటి గురించి పోయిన నివేదికలోనే వివరంగా రాశాను.

ఈ ఏడాది సంఘం గర్వంగా చెప్పుకోవాల్సింది ఒకటుంది. ఆషాఢంలో మంగళవారం నాడు జరిపిన జిగురు సీసాల కార్యక్రమం. టిప్‌లు అంటించే నెయిల్ గ్లూ సీసాలే.

ఆ రోజే ఎందుకని కొందరు అడిగారు. మంగళవారం గోళ్ల జోలికి రాని ఊరు మనది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. వచ్చే ఒకరిద్దరూ చేతుల నిండా గోరింటాకు పెట్టుకుని, "దీని మీద ఏం వేస్తారక్కా" అని అడిగి వెళ్లిపోతారు. మనకు ఇంతకంటే ఖాళీ రోజు దొరకదు. పైగా అది వానాకాలం. మన సీసాలు ఎక్కువగా మొరాయించేది అప్పుడే.

మూత రాని సీసాలు, ముక్కు మూసుకుపోయిన సీసాలు, బ్రష్ పుల్లలా గట్టిపడినవి, ఏవి ఉన్నా పారేయకుండా తీసుకురమ్మని గ్రూపులో రాశాను. ఓ పదో పన్నెండో వస్తాయనుకున్నాను. కోశాధికారిగారింట్లో ఖాళీగా ఉన్న పూతరేకుల డబ్బా నిండిపోయింది, పైన ఇంకో కవరు కూడా. సగానికి సగం సీసాల్లో జిగురు ఇంకా కదులుతూనే ఉంది. అంటే మనం జిగురు అయిపోయి కాదు, మూత రాక కొత్త సీసా కొంటున్నాం. ఆ డబ్బా చూశాక గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒకరైతే తన సీసాలు గుర్తుపట్టి సిగ్గుపడ్డారు.

ఒక సభ్యురాలి మామగారు కెమిస్ట్రీ లెక్చరర్‌గా రిటైర్ అయ్యారు. పేరు వేయవద్దన్నారు కాబట్టి వేయడం లేదు. అరగంట మాట్లాడతానని వచ్చి రెండు గంటలు కూర్చున్నారు. నెయిల్ గ్లూ, ఇళ్లలో వాడే ఫెవిక్విక్ ఒకే కుటుంబానివని, అన్నీ సయనోఅక్రిలేట్ జిగుర్లేనని చెప్పారు. 1942లో అమెరికాలో ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీలో హ్యారీ కూవర్ అనే ఆయన తుపాకీ గురి చూసే పరికరానికి పారదర్శకమైన ప్లాస్టిక్ కోసం వెతుకుతుంటే ఈ పదార్థం తయారైందట. ముట్టుకున్న ప్రతిదానికీ అంటుకుంటోందని విసుగొచ్చి పక్కన పెట్టేశారు. మళ్లీ 1951లో అదే కంపెనీలో ఫ్రెడ్ జాయ్‌నర్ అనే ఆయన దాన్ని కాంతి వక్రీభవనం కొలిచే పరికరంలో రెండు గాజు పట్టకాల మధ్య వేస్తే అవి అతుక్కుపోయి ఊడి రాలేదు. అప్పుడు తట్టిందట, ఇది జిగురుగా పనికొస్తుందని. 1958లో ఈస్ట్‌మన్ 910 పేరుతో బజారులోకి వచ్చింది. "ఆ పట్టకాల ఖరీదు ఎవరి జీతంలో కోశారండీ?" అని మన గాజువాక అమ్మాయి అడిగింది. ఆ రోజు అందరూ బాగా నవ్వింది దీనికే.

ఆయన చెప్పిన వాటిలో నాకు బాగా నాటుకున్నది ఒకటి. ఈ జిగురు ఆరి గట్టిపడదు, తడి తగిలి గట్టిపడుతుంది. ఇన్నేళ్లూ నేను ఉల్టాగా అనుకున్నాను. గాలిలో ఉండే తేమ చాలు, గోరు మీద ఉండే కొద్దిపాటి తడి చాలు, అణువులు ఒకదానికొకటి గొలుసులా పట్టేసుకుంటాయి. సీసాలో ఉన్నంతసేపు అలా కాకుండా కంపెనీవాళ్లు కొంచెం ఆమ్లం కలుపుతారు. సీసా కూడా జిగురు సరిగా పట్టని పాలిథిన్ రకం ప్లాస్టిక్‌తో చేస్తారు. మరి మూత ఎందుకు బిగుసుకుంటుంది? మనం వాడాక ముక్కు మీద, మరల మీద ఒక చుక్క వదిలేస్తాం. సముద్రపు గాలి దాని పని అది చేసుకుపోతుంది. మరలో గట్టిపడిన జిగురు మేకులా పనిచేస్తుంది. జిగురు చెడ్డది కాదు, సరుకు కల్తీదీ కాదు. మూత పెట్టే ముందు మనం ఆగని ఐదు సెకన్లే కారణం.

తర్వాత టేబుల్ మీద ఒక్కో సీసా తీసి ప్రయత్నించాం. ముందుగా కిటికీలు తీసి, దేవుడి పటం ముందున్న అగరువత్తి ఆర్పించాను. గట్టిపడిన జిగురును కరిగించే అసిటోన్ ఆవిరికి నిప్పు ఇట్టే అంటుకుంటుంది. దయచేసి మీ పార్లర్లలో కూడా ఈ సంగతి గుర్తుంచుకోండి. పొద్దున్నే అగరువత్తి వెలిగించి, దాని పక్కనే అసిటోన్ గిన్నె మూత తీసేవాళ్లు మనలో ఉన్నారు.

మూత బిగిసినవాటికి చిన్న స్టీలు గిన్నెలో కొంచెం అసిటోన్ పోసి, సీసా తలకిందులుగా పట్టుకుని మూత అంచు వరకే మునిగేలా ఉంచాం. సగానికి పైగా పది పదిహేను నిమిషాల్లో మెత్తబడ్డాయి. మూత చుట్టూ రబ్బరు బ్యాండు వేసుకుని తిప్పితే జారకుండా వచ్చాయి. మొండికేసినవాటిని ఇంకోసారి నానబెట్టాం. తొందరపడి కటింగ్ ప్లేయర్‌తో తిప్పిన ఇద్దరి సీసాల మెడలు విరిగాయి. ఒకరి బల్ల మీద జిగురు మరక ఇప్పటికీ ఉంది, సంఘం జ్ఞాపకంగా ఉంచుకుంటానన్నారు.

పిన్ను మూత ఉండే సన్న ముక్కు సీసాలకు, ముక్కులో గడ్డ ఉంటే చివర కొంచెం బ్లేడుతో కోయడమే సులువు. ముఖానికి దూరంగా, సీసా నిలబెట్టి కోయాలి. సూది వేడి చేసి గుచ్చుతామని ఒకరు లేచారు, లెక్చరర్‌గారు వెంటనే ఆపారు. వేడికి వచ్చే పొగ కళ్లనూ గొంతునూ మండిస్తుంది. బ్రష్ సీసాల్లో బ్రష్ బిగిస్తే, ఊడదీసి అసిటోన్‌లో నానబెట్టి, పూర్తిగా ఆరాకే మళ్లీ లోపల పెట్టాలి. నిజం చెప్పాలంటే చాలావరకు ఆ బ్రష్ మళ్లీ పనికిరాలేదు. జిగురే తేనెలా సాగితే దాన్ని ఇక వదిలేయండి. పలచన చేద్దామని అసిటోన్ లోపల పోసిన సీసాలు నాలుగైదు వచ్చాయి, ఆ జిగురుతో పెట్టిన టిప్ రెండో రోజే రాలిపోతుంది, కస్టమర్ ఫోన్ మనకే వస్తుంది.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే గ్రూపులో ఇప్పటికే రకరకాలుగా తిరుగుతోంది. పోయినేడాది ఒక పెళ్లికూతురికి తొమ్మిది వేళ్లయ్యాయి, పదో వేలికి సీసా నొక్కితే రాలేదు. బయట వాళ్లమ్మ, "అయిందా అమ్మా, ముహూర్తం దగ్గర పడుతోంది" అంటున్నారు. టెన్షన్‌లో గట్టిగా నొక్కాను. గడ్డ ఊడి జిగురు చిమ్మి నా కళ్లజోడు మీద పడింది. జోడు లేకపోతే కంట్లోనే. అద్దం పోయింది, పదో వేలికి వేరే సీసా తెచ్చి పెట్టాను, పెళ్లి జరిగింది. అప్పటి నుంచి ముక్కు మూసుకున్న సీసాను నేను నొక్కను. పళ్లతో మూత తీసేవాళ్లను చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మూత బిగవకుండా ఏం చేయాలో ఆ రోజు అందరం కలిసి ఒప్పుకున్నదాన్ని తీర్మానంగా రాసుకున్నాం. వాడాక సీసా నిలబెట్టి బల్ల మీద మెల్లగా రెండుసార్లు తట్టాలి, ముక్కులో ఉన్నది లోపలికి దిగుతుంది. ముక్కును లింట్-ఫ్రీ (నూగు రాలని) వైప్‌తో తుడవాలి. దూది, కాటన్ గుడ్డ వద్దు, ఈ జిగురు పత్తికి తగిలితే వేడెక్కుతుంది, ఎక్కువ పడితే వేలు కాలుతుంది కూడా. మర బయటి వైపు మాత్రం కొద్దిగా వాజలిన్ రాయాలి. ఆ చేత్తోనే కస్టమర్ గోరు ముట్టుకుంటే టిప్ పట్టదు, కాబట్టి చేతులు తుడుచుకోవాలి. సీసాలను గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో నిలబెట్టి, చెప్పుల డబ్బాల్లోనూ హ్యాండ్‌బ్యాగుల్లోనూ వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేయాలి. జిగురును త్వరగా గట్టిపరిచే యాక్టివేటర్ స్ప్రే వేరే సొరుగులో. స్టీమర్, పెడిక్యూర్ టబ్బు పక్కన జిగురు ఉంచకూడదు.

ఫ్రిజ్ గురించి పెద్ద గొడవే జరిగింది. తెరవని సీసాలు ఫ్రిజ్‌లో పెడితే మంచిదే. కానీ తీసిన వెంటనే తెరవకూడదు. చల్లని మజ్జిగ గ్లాసుకు పట్టినట్టే దానికీ చెమట పడుతుంది, ఆ నీరే దానికి శత్రువు. బయట గంటసేపు ఉంచి తెరవాలి. తెరిచిన సీసాను రోజుకు పదిసార్లు లోపలికీ బయటికీ తిప్పేవాళ్లు అసలు ఫ్రిజ్ జోలికి పోకపోవడమే మేలు. ఇంకో సంగతి, ఇంటి ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లు జాగ్రత్త. మన సభ్యురాలి అత్తగారి కంటి చుక్కల మందు, ఈవిడ గ్లూ బుడ్డి ఒకే అరలో ఉన్నాయి. సైజు ఒకటే, ఆకారం ఒకటే. పెద్దావిడ వాసన చూసి ఆగారు కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి గ్లూ బుడ్డీలన్నిటి మూతలకూ ఎర్ర నెయిల్ పాలిష్ వేయాలని తీర్మానించాం. మన దగ్గర ఎర్ర పాలిష్‌కు కొరత లేదు. పొరపాటున కంట్లో పడితే రెప్పలు బలవంతంగా లాగకుండా, అసిటోన్ దగ్గరకు కూడా రానివ్వకుండా, నీళ్లతో బాగా కడిగి ఆ క్షణమే కంటి ఆసుపత్రికి వెళ్లాలి. వేళ్లు అతుక్కుంటే గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి మెల్లగా దొర్లిస్తూ విడదీయాలి, లాగొద్దు.

ఈ కార్యక్రమానికి ముఖ్య అతిథిగా ఒక అధికారిని పిలిచాం. ఏ శాఖో రాయను. పార్లర్ పనివాళ్లకు భద్రతా శిక్షణ ఇప్పించమని అంతకుముందు మూడుసార్లు అర్జీ ఇచ్చాం, ప్రతిసారీ "చూద్దాం అమ్మా" అన్నారు. తప్పకుండా వస్తానని ముందురోజు కూడా ఫోన్‌లో చెప్పారు. శాలువా, పూలగుత్తి కొన్నాం, ముందు వరుసలో కుర్చీకి తెల్లగుడ్డ కప్పాం. మధ్యాహ్నం దాకా ఆ కుర్చీ అలాగే ఉంది. చివరికి శాలువా లెక్చరర్‌గారికి కప్పాం. ఆయన న్యాయంగా సంపాదించుకున్నారు. మళ్లీ అర్జీ ఇస్తాం, ఈసారి శాలువా ముందే కొనం.

సీసాలు సేకరించడానికి పది మంది గ్రూపులో బొటనవేలు గుర్తు పెట్టారు. వచ్చింది ముగ్గురు. బొటనవేలు చూపించడం సులువు, మన వృత్తిలో వేళ్లతో పని చేస్తేనే డబ్బులు వస్తాయని మీకు నేను చెప్పాలా? మిగతా ఏడుగురి పేర్లు నా దగ్గర ఉన్నాయి. ఇక్కడ వేయడం లేదు, ఈసారికి.

మిగతా విషయాలు త్వరగా చెప్తాను. 2025 సెప్టెంబరు 22 నుంచి పార్లర్ సేవల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. అయితే ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే జిగురు, జెల్, టిప్‌ల మీద కట్టిన పన్ను మన ఖర్చులోనే కలుస్తుంది. ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటనివాళ్లకు రిజిస్ట్రేషనే అక్కర్లేదు కాబట్టి కంగారు పడకండి. ఐరోపా సమాఖ్య దేశాల్లో 2025 సెప్టెంబరు 1 నుంచి జెల్ పాలిష్‌లో టీపీఓ అనే పదార్థాన్ని నిషేధించారు. ఆ మెసేజ్ గ్రూపులో లెక్కలేనన్నిసార్లు ఫార్వర్డ్ అయింది. అది యూవీ లైటు కింద గట్టిపడే జెల్‌కు సంబంధించింది, నెయిల్ గ్లూకు కాదు. మన కస్టమర్లు అడిగితే ఆ తేడా చెప్పండి. కొనేటప్పుడు తయారీ తేదీ, బ్యాచ్ నంబరు, దిగుమతి చేసినవారి చిరునామా లేని సీసాలు తీసుకోకండి. చవకగా ఇచ్చిన ఒక హోల్‌సేల్ దుకాణం దగ్గర కొన్న పెట్టెలో సగం సీసాలు తెరవకముందే చిక్కబడి ఉన్నాయి. మార్చమంటే ఆయన వాతావరణాన్ని తిట్టారు.

లెక్కలు: చందాలు వచ్చాయి, కొన్ని రాలేదు. టీలు, ఫోటోకాపీలు, అసిటోన్, వైప్‌లు, పైన చెప్పిన శాలువా, పూలగుత్తికి ఖర్చయ్యింది. కొంచెం మిగులుంది. వివరాల కాగితం కోశాధికారిగారు చివర జత చేశారు, ప్రశ్నలుంటే ఆవిడనే అడగండి, నన్ను కాదు.

వచ్చే ఏడాది ఆషాఢంలో ఇదే కార్యక్రమాన్ని గాజువాకలో జరపాలని ప్రతిపాదన ఉంది. హాలు ఉచితంగా దొరికితేనే.

ఆ రోజు మూత వచ్చిన సీసాలు పూతరేకుల డబ్బాలో ఇంకా కోశాధికారిగారి దగ్గరే ఉన్నాయి. ఎవరివి వారు గుర్తుపట్టి ఈ నెలాఖరులోగా తీసుకెళ్లండి. అలాగే సంఘం డబ్బుతో కొన్న పెద్ద అసిటోన్ డబ్బా కార్యక్రమం రోజు సాయంత్రం నుంచి కనిపించడం లేదు. తీసుకున్నవారు నింపి తెచ్చినా, ఖాళీగా తెచ్చినా పరవాలేదు, డబ్బా మాత్రం ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి